ఠాణాలో చెప్పిన మాట

హల్ జైలు, ఇంగ్లండు
20 ఫిబ్రవరి 1988

కూర్మయ్య బావకి గవరయ్య రాయునది.

పైన అడ్రసు చూసి కంగారు పడకు. నేను క్షేమంగానే ఉన్నాను. తిండి చప్పగా ఉంది గాని కడుపు నిండుతోంది. ఈ ఉత్తరం నీ యూనియన్ ఆఫీసుకి రాస్తున్నాను. ఇంటికి రాస్తే అప్ప చేతిలో పడుతుంది, ఆవిడ మీ అమ్మాయి హైమ చేత చదివిస్తుంది. తమ్ముడు రెండోసారి జైలుకి వెళ్ళాడని తెలిస్తే ఈసారి ఇంటి ఛాయలకి కూడా రానివ్వదు. కాబట్టి అప్పకి చెప్పకు.

జరిగింది ఇదీ. మా ఓడ కలకత్తా జనపనార దింపడానికి ఈ ఊరి రేవుకి వచ్చింది. తొమ్మిదో తారీకు సాయంత్రం మన బస్తీ పోలయ్య, ఈ ఓడలో మా ఖలాసీలందరి మీదా పెద్ద అయిన సరంగు, తాగి వచ్చి రేవు గేటు దగ్గర కాపలా ముసలాయనతో గొడవ పెట్టుకున్నాడు. పాసు చూపించమని ఆయన, రోజూ చూస్తూ మళ్ళీ పాసేమిటని ఈయన. ఆయన వెనక్కి తిరగ్గానే పోలయ్య ఒక్క తోపు తోశాడు. ముసలాయన ఓడ తాళ్ళు కట్టే ఇనుప గుంజ మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తోసింది ఎవరో ఆయన చూడలేదు. అక్కడున్నది మేమిద్దరమే.

పోలీసు బండి వచ్చే లోపల పోలయ్య నా చెయ్యి పట్టుకుని, "ఒరే గవరా, అయిదుగురు పిల్లలోడ్నిరా. నీకేటుందిరా ఎనకాల?" అన్నాడు. మన బస్తీ పద్ధతి నీకు నేను చెప్పాలా? కేసు వచ్చిందంటే పెళ్ళికాని వాడు నెత్తిన వేసుకోవాలి. నేనే తోశానని చెప్పి బండెక్కాను.

బావా, ఇక్కడి పోలీసులని చూస్తే నీకు నవ్వొస్తుంది. నడుముకి పిస్తోలు లేదు. ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క బూతు అనలేదు. ఒక పొడుగాటి కాగితం తీసి, టీ ఎన్నింటికి ఇచ్చారో, దుప్పటి ఎన్నింటికి ఇచ్చారో, నేను ఎన్నింటికి పడుకున్నానో అన్నీ దాని మీద ఎక్కించారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం కదా, బంగ్లాదేశ్ సిల్హెట్ నుంచి వచ్చి ఇక్కడ హోటలు పెట్టుకున్న ఒక బెంగాలీ దాదాని దుబాసీగా పిలిపించారు. ఆయన బెంగాలీ యాస వేరుగా ఉంది గాని మాట అందింది. ఊరికే వకీలుని ఇస్తాం, కావాలా అన్నారు. ఎందుకన్నాను. నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు, చెబితే మాత్రం అది సాక్ష్యం కావచ్చు అని ఒక మంత్రం చదివారు. తలూపాను.

తరవాత బల్ల మీద టేపు మిషను పెట్టారు. రెండు క్యాసెట్లు ఒకేసారి తిరుగుతాయి. నువ్వే తోశావా? నేనే. ఎందుకు? కోపం వచ్చింది. అరగంటలో అయిపోయింది. ఒక క్యాసెట్టుని నా ఎదుటే మూసి, కాగితం అంటించి, దాని మీద నా సంతకం తీసుకున్నారు. ఇంత మర్యాద నాకు పెళ్ళిళ్ళలో కూడా జరగలేదు.

ఓడ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. ఊళ్ళో ఇల్లూ వాకిలీ లేనివాడు పారిపోతాడని మేజిస్ట్రేటు నన్ను జైల్లో ఉంచమన్నాడు. మన అలీపూర్ కోర్టు ఆ మొదటి కేసులో నన్ను పదకొండు రోజులకి వదిలేసింది. ఇక్కడ ఇంకో నాలుగు రోజులు ఎక్కువ పడుతుందేమో. కోర్టులో ఎలా మాట్లాడాలో వివరంగా రాయి. ఇలాంటివి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు.

నీ బావమరిది
గవరయ్య

*

యూనియన్ ఆఫీసు, గార్డెన్ రీచ్
కలకత్తా-24
12 మార్చి 1988

చిరంజీవి గవరయ్యని బావ దీవించి రాయునది.

నీ అడ్రసు చూసి గుండె జారింది, ఉత్తరం చదివాక కుదుటపడింది. భేష్. బస్తీ పరువు నిలబెట్టావు. దొరల ఊళ్ళో దొరల టీ తాగుతూ లాకప్పులో కూర్చున్న మన వాళ్ళలో నువ్వే మొదటివాడివి.

ఇక విను. ఇరవై ఏళ్ళుగా ఈ రేవులో సరుకు ఎత్తి దింపే వించి తిప్పుతున్నాను. పదిహేనేళ్ళుగా యూనియన్‌లో ఉన్నాను. ఎన్ని ఘెరావులు, ఎన్ని లాకప్పులు! లాల్ జెండా గద్దెనెక్కినా ఠాణా ఠాణాయే. నాకు చట్టం చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. పోలీసు దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో చిల్లిగవ్వకి చెల్లదు. జడ్జీ దాన్ని చదవనివ్వడు కూడా. మేజిస్ట్రేటు ముందు, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చాక చెప్పిందే మాట. ఠాణాలో చెప్పింది గాలి. పైగా పోలీసు రాసుకున్న వాంగ్మూలం కింద మన సంతకం ఉండనే కూడదు. నీ చేత సంతకం పెట్టించుకున్నారంటే వాళ్ళే ఇరుక్కున్నారు.

అక్కడి చట్టం వేరేమో అని నీకు అనుమానం రావచ్చు. మనకి ఈ చట్టం రాసి పెట్టింది ఎవడు? ఇంగ్లీషువాడే. మన ఇంటికి మంచి తాళం చేసి ఇచ్చినవాడు తన ఇంటికి చెయ్యకుండా ఉంటాడా?

కాబట్టి కోర్టులో ఒక్క మాటే. "కొట్టి చెప్పించారు హుజూర్." ఏ దేశంలోనైనా పోలీసు పోలీసే, జడ్జీ నమ్ముతాడు. పోలయ్య పేరు మాత్రం ఎత్తకు. మీ అప్పకి ఓడ మరమ్మతుకి ఆగిందని చెప్పాను. హైమ నీ ఉత్తరాలు చదువుతానని తెలుగు కూడబలుక్కుంటోంది. బడిలో అంతా బెంగాలీయే కదా.

ధైర్యంగా ఉండు.

నీ బావ
కూర్మయ్య

*

హల్ జైలు
2 ఏప్రిల్ 1988

బావకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినది ఇక్కడ పనికిరాదు.

సర్కారు నాకు ఇచ్చిన వకీలు ఒక నడివయసు ఆవిడ. హోటలు దాదాని వెంటబెట్టుకుని వచ్చింది. కొట్టారని చెబుతానన్నాను. ఆవిడ సంచిలోంచి క్యాసెట్టు తీసి పెట్టింది. నా గొంతు నేనే విన్నాను. నేనే తోశాను, నేనే తోశాను. ఒకచోట నా నవ్వు కూడా వినిపించింది. టీ చల్లారిపోయిందని పోలీసు ఇంకో కప్పు తెప్పించినది కూడా అందులో ఉంది. తరవాత ఆ పొడుగాటి కాగితం నకలు చూపించింది. నేను ఠాణాలో ఉన్న ప్రతి గంటకీ లెక్క ఉంది. కొట్టారంటే ఎవరు నమ్ముతారు?

ఇక్కడ పోలీసుతో చెప్పిన మాటే సాక్ష్యం. ఆ క్యాసెట్టుని కోర్టులో పన్నెండుమంది మామూలు మనుషులు కూర్చుని వింటారట. తోసినవాడు ఎవరో వాళ్ళే తేలుస్తారు. వాళ్ళు మంత్రం చదివారన్నానే, అది మంత్రం కాదు. నోరు మూసుకునే హక్కు నాకుందని చెప్పారు. వకీలుని ఊరికే ఇస్తామన్నదీ అందుకే. నేను రెండూ వద్దనుకున్నాను.

నీ తాళం మాట కూడా ఆవిడకి చెప్పాను. ఆవిడకి ఆ చట్టం తెలుసు. "రాసింది మా వాళ్ళే. మీ దేశంలో తాము పెట్టిన పోలీసుల మీద వాళ్ళకే నమ్మకం లేక అలా రాశారు. ఇంట్లో పోలీసుల మీద నమ్మకం ఉంది కనక ఇక్కడ రాసుకోలేదు" అంది. దాదా ఇది బెంగాలీలో చెబుతూ తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేరం రుజువైతే అయిదేళ్ళ దాకా వేయొచ్చట. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. ఆ తరవాత నన్ను ఓడ ఎక్కించుకునేవాడు ఉండడు. ఓడ తప్ప నాకు వేరే ఇల్లు లేదని నీకు తెలుసు.

ఆవిడకి నిజం చెప్పేశాను బావా. పోలయ్య పేరు చెప్పాను. తప్పో ఒప్పో తరవాత చూద్దాం. పోలయ్య జరిగింది కాగితం మీద రాయించి, ప్రమాణం చేసి సంతకం పెట్టి పంపితే కేసు నిలవదంటోంది. ఈపాటికి ఓడ ఖిదిర్‌పూర్ రేవు చేరుతూ ఉండాలి. వెళ్ళి అడుగు. ఇండియాలో ఉన్నవాణ్ణి ఒక్క కాగితం కోసం ఇక్కడికి లాక్కురారని ఆవిడ అంటోంది. అది కూడా చెప్పు.

గవరయ్య

*

గార్డెన్ రీచ్, కలకత్తా-24
30 ఏప్రిల్ 1988

గవరయ్యకి,

నేను నీకు తప్పు చెప్పాను. ముందు ఆ మాట రాసి మిగతాది రాస్తున్నాను. నీ ఉత్తరం పట్టుకుని అలీపూర్‌లో మన యూనియన్ వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, "కూర్మయ్యా, హౌరా బ్రిడ్జి దాటినంత సులువు కాదు దేశం దాటడం. నీ చట్టం నీతో ఓడెక్కదు" అన్నాడు. సిగ్గేసింది.

పోలయ్య ఓడ పదిహేనో తారీకున వచ్చింది. వాడు దిగగానే పట్టుకున్నాను. కాదనలేదు. తోసింది తనే అని నా ఎదుటే ఒప్పుకున్నాడు, ఏడ్చాడు కూడా. కాగితం మాట ఎత్తగానే తడబడ్డాడు.

"ఠాణాకి పద కూర్మయ్యా, ఇప్పుడే వొచ్చి నానే తోసినానని సెప్పీస్తాను. ఎన్నిసార్లు సెప్పమంటే అన్నిసార్లు సెప్తాను. కాయితం మీద ఏలు మాత్రం ఎయ్యను."

"ఏటి తేడా?"

"నీకు తెలీదేటి? నోటితో సెప్పింది గాలికి పోద్ది. ఏలుముద్ర నా పిల్లల నెత్తి మీద కూకుంటాది."

ఆ మాట వాడికి నేర్పింది నేనే గవరయ్యా. బస్తీలో అందరికీ నేనే నేర్పాను.

నిజంగానే ఠాణాకి తీసుకెళ్ళాను. ఇన్‌స్పెక్టరు ఎదుట పోలయ్య చేతులు కట్టుకుని మొత్తం చెప్పాడు. ఆయన కలం కూడా తియ్యలేదు. ఇంగ్లండులో ఎవడి తుంటో విరిగితే తన ఏరియా ఎలా అవుతుందని అడిగి, మా ఇద్దరికీ టీ ఇప్పించి పంపేశాడు. బయటికొచ్చి పోలయ్య, "సూసినావా, నాను సెప్పినాను" అన్నాడు. ఏదో నీకు మేలు చేసినట్టు ముఖం పెట్టాడు. మూడో రోజు పెళ్ళాం తవిటమ్మనీ పిల్లలనీ తీసుకుని హౌరాలో మద్రాసు మెయిలెక్కాడు. ఏ ఊరు వెళ్ళాడో బస్తీలో ఎవరూ చెప్పడం లేదు. ఏరు దాటి తెప్ప తగలేశాడు.

ఇంక ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. మీ వకీలమ్మనే ఇంకో దారి చూడమను.

కూర్మయ్య

*

హల్ జైలు
20 మే 1988

బావకి,

ఇంకో దారి ఆవిడ చూసింది. ఆ దారిలో నువ్వే ఉన్నావు.

చెయ్యనిది చేశానని ఎవడైనా ఎందుకు చెబుతాడని ఆవిడ నన్ను అడిగింది. పన్నెండుమందీ అదే అడుగుతారట. మన బస్తీ పద్ధతి చెప్పాను. ఠాణాలో మాట చెల్లదు కాబట్టి పెళ్ళికాని వాడు ఒప్పుకుని నాలుగు దెబ్బలు తిని బయటికొస్తాడని చెప్పాను. దాదా రెండుసార్లు అడిగి మరీ చెప్పాడు. ఆవిడ రాసుకుని, దీనికి నీ మాట తప్ప రుజువేముంది, ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా చేశావా అంది.

చేశానన్నాను. ఎవరి కోసం అంది. చెప్పలేదు. నిన్ను అడగకుండా చెప్పను.

బావా, డెబ్భై తొమ్మిదిలో గేటు దగ్గర కంట్రాక్టరు మనిషి చెయ్యి విరగ్గొట్టింది నువ్వు. బేళ్ళు లాగే ఇనుప హుక్కు నీ చేతిలో ఉంది. నాకు పంతొమ్మిదేళ్ళు. హైమకి నాలుగేళ్ళని, యూనియన్‌కి నువ్వు కావాలని, వారం రోజుల్లో వచ్చేస్తావని నువ్వే నాకు నచ్చజెప్పావు. నేను వెళ్ళాను. వాళ్ళు అరికాళ్ళ మీద కొట్టారు. అది మరిచిపోయాను. నువ్వు ఇంట్లో నిజం చెప్పకపోవడమే మరిచిపోలేదు. అప్ప నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. అందుకే ఓడెక్కాను. ఇన్నేళ్ళూ నేను నిన్ను ఒక్క మాట అన్నానా?

ఇప్పుడు అంటున్నాను. అప్పుడు నా కోసం ఇతను ఒప్పుకున్నాడు, నేనే ఒప్పించాను అని ఒక్క మనిషి ప్రమాణం చేసి సంతకం పెడితే పన్నెండుమంది నమ్మొచ్చు. ఆ ఒక్క మనిషివీ నువ్వే. విచారణ జూలై ఆఖరున.

నీకు కుదరకపోతే కుదరదని రాయి. అబద్ధం మాత్రం రాయకు.

గవరయ్య

*

గార్డెన్ రీచ్, కలకత్తా-24
18 జూన్ 1988

గవరయ్యకి,

నీ ఉత్తరం పది రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. పని మీద ధ్యాస లేక ఒకరోజు బేళ్ళ మోపు దింపబోయి మనిషి మీదకే తిప్పాను. పక్కవాడు అరిచాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే వకీలు దగ్గరికి వెళ్ళాను.

ఆయన తలుపు వేసి చెప్పాడు. "ఇది ఠాణాలో మాట కాదు. నీ చేత్తో నువ్వు రాసి ఇచ్చే ప్రమాణ పత్రం. దీని నకలు ఎవడి చేతికైనా చిక్కితే ఆ పాత కేసు నీ మీద తిరగబెట్టొచ్చు. ఉద్యోగం పోవచ్చు." ఆ కంట్రాక్టరు మనిషి బీహారులో, ఛప్రాలో బతికే ఉన్నాడట. యూనియన్ పెద్దలు కూడా ఇప్పుడెందుకీ గొడవ కామ్రేడ్ అన్నారు. వాళ్ళు అడగక ముందే యూనియన్‌లో నా కార్యదర్శి పదవి వదిలేశాను. నిజం చెప్పనా, భయం వేసింది. లాకప్పులో కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు.

ఇంట్లో చెప్పకుండా వెళ్ళి సంతకం పెట్టి వచ్చేద్దామనే చూశాను. నువ్వు అబద్ధం రాయకు అన్నావు కాబట్టి ఇదీ రాస్తున్నాను. చివరికి వెళ్ళలేకపోయాను. మీ అప్ప చేపలు తోముతూ ఉంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. డెబ్భై తొమ్మిదీ చెప్పాను, ఇప్పుడు నువ్వు ఎక్కడున్నావో అదీ చెప్పాను. ఆవిడ తోమడం ముగించింది. చేపలు కడిగింది, వండింది, వడ్డించింది. నేను తిని చెయ్యి కడుక్కున్నాక, "రేపు కోర్టుకి నానూ వొస్తాను. నువ్వు సంతకం ఎట్టేది నాను సూడాల" అంది.

వచ్చింది. వకీలు గుమాస్తా బెంగాలీలో చదువుతుంటే నిలబడే విన్నది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. నేను సంతకం పెట్టాను. మేజిస్ట్రేటు ముద్ర వేశాడు. కాగితం నిన్న రిజిస్టరు పోస్టులో మీ వకీలమ్మ పేరున పంపాను.

నన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. మీ అప్ప నాతో మాట్లాడటం లేదు. నీకు వేరే కాగితం రాయించింది, ఇందులోనే పెడుతున్నాను. నేను చదవలేదు.

కూర్మయ్య

*

గార్డెన్ రీచ్
అదే రోజు

మామయ్యా, నేను హైమని. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాయమంది. తప్పులుంటే ఏమీ అనుకోకు.

ఒరే గవరా,

నాను మీ అప్పనిరా, అప్పలకొండమ్మని. నువ్వు జైల్లోంచి వొచ్చిన నాడు గుమ్మం కాడ నిలబడి నిన్ను లోనికి రానివ్వనేదు. హైమని సీర సాటున దాసీసినాను, నిన్ను సూస్తే బయపడతాదని. నీకు సంబంధాలొచ్చినోళ్ళకి నానే సెప్పినాను, ఈడు మనిసి సెయ్యి ఇరగ్గొట్టి జైలుకెల్లొచ్చినోడని. దాసి పెళ్ళి సేస్తే ఆడపిల్ల ఉసురు తగులుతాదనుకున్నాను. తమ్ముడు సెడిపోనాడని అమ్మోరికి మొక్కుకున్నాను. మొక్కుకోవాల్సిన మనిసి నా పక్కనే తొంగున్నాడని నాకేటి తెలుసు?

మీ బావకి అన్నం ఎడతన్నాను. మాట ఎట్టడం నేదు. ఎప్పుడు ఎడతానో నాకే తెలీదు.

ఆయన సంగతి ఒగ్గీ. నిన్ను అడుగుతాను. తొమ్మిదేళ్ళలో ఓడ దిగినప్పుడల్లా వొచ్చి నా అరుగు మీద కూకుని గంజి తాగి ఎల్లిపోనావు. ఒక్కనాడు ఒక్క మాట సెప్పనేదేటిరా? నానేటి, నీకు పోలీసుదాన్నా?

*

హల్, ఓడ మనుషుల విడిది
6 ఆగస్టు 1988

అప్పకి తమ్ముడు గవరయ్య నమస్కరించి రాయునది. హైమా, ఇది అమ్మకి మెల్లగా చదువు.

కేసు అయిపోయింది. వదిలేశారు. మూడు రోజులు జరిగింది. మొదటి రోజు ఆ క్యాసెట్టు పెట్టారు. నేనే తోశాను అని నేను అంటూ ఉంటే పన్నెండుమందీ నా ముఖం వైపే చూశారు. రెండో రోజు మా వకీలమ్మ తరఫు పెద్ద వకీలు బావ కాగితం చదివాడు. ఎదుటి పక్షం వాళ్ళు చదవడానికి అడ్డు చెప్పలేదు. పెళ్ళికాని వాడు కేసు నెత్తిన వేసుకోవడం అనే చోట ఆ పన్నెండుమందిలో ఒకావిడ కలం కింద పెట్టేసింది. మూడో రోజు మధ్యాహ్నం వాళ్ళంతా నాలుగు గంటల సేపు లోపల కూర్చుని వచ్చి, నేరం రుజువు కాలేదన్నారు. జడ్జీ నన్ను నిలబెట్టి, పోలీసుతో అబద్ధం చెప్పడం ఈ దేశంలో నేరమే, ఆరు నెలలు లోపల ఉన్నావు కాబట్టి పొమ్మంటున్నాను అన్నాడు. కాపలా ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయనకి దణ్ణం పెట్టాను. ఆయన అటు తిరిగిపోయాడు. అది సహజమే.

పదహారో తారీకున విమానంలో పంపుతారు. దమ్‌దమ్‌లో దిగుతాను. బావ మీద కేసేమైనా వస్తే నేను సాక్ష్యం చెప్పాలేమో, కాబట్టి ఈసారి వెంటనే ఓడెక్కను. ఆయనతో మాట్లాడమని గాని వద్దని గాని నేను చెప్పను. ఆ కాగితం మీద సంతకం లేకపోతే మాత్రం నేను ఇప్పట్లో బయటికి వచ్చేవాణ్ణి కాను.

ఇంక నువ్వు అడిగిన మాట. పోలీసుదాన్నా అన్నావు. పోలీసులు అడిగారప్పా. కలకత్తాలో కొట్టి అడిగారు, ఇక్కడ టీ ఇచ్చి అడిగారు. రెండుచోట్లా అబద్ధమే చెప్పాను. ఆ రోజు నన్ను వదిలాక అలీపూర్ నుంచి గార్డెన్ రీచ్ దాకా వాచిన కాళ్ళతో నడిచే వచ్చాను. ఇంటికెళ్ళగానే, ఏటి సేసినావురా అని అప్ప అడుగుతుంది, ఏం చెప్పను అని దారి పొడుగునా ఆలోచించాను. బావ తిట్టినా సరే, నీకు మాత్రం నిజం చెప్పేద్దామనే అనుకున్నాను.

నువ్వు అడగలేదు.

నీ తమ్ముడు
గవరయ్య